మూడు సెకన్ల తర్వాత నా గొంతు

దయ్యాల మీద నాకు ఎన్నడూ నమ్మకం లేదు. మా తండాలో ఎవరికైనా జ్వరం తగ్గకపోతే గాలి సోకిందనేవాళ్లు. హైస్కూలు రోజుల నుంచే నేను దానికి నవ్వేవాణ్ని. ఇప్పుడూ నమ్మను. ఇక్కడ రాయబోయేదాంట్లో తెల్లచీర లేదు, వెనక అడుగుల చప్పుడు లేదు. జరిగింది చాలావరకు పట్టపగలే. ఒక ఆడియో ఫైలు, నా చేత్తో రాసిన నాలుగు కాగితాలు, ఒక విద్యార్థిని రాసిన అనువాదం నా బీరువాలో ఉన్నాయి. ఎవరైనా వచ్చి పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

ముందు నా తప్పు చెప్పాలి. అది చెప్పకుండా మిగతాది చెబితే నాకేదో అన్యాయం జరిగినట్టు వినిపిస్తుంది. అన్యాయం చేసింది నేను. ఒక ముసలామె తన భాషలో చెప్పిన మాటల మీద, ఆమె ఏం చెప్పిందో తెలియకుండానే, నా సొంత మాటలు కప్పేశాను. నా డిగ్రీ మార్కులు, ఆ తర్వాత దొరికిన ఉద్యోగం, కొద్దో గొప్పో వచ్చిన పేరు, అన్నీ దాని మీదే నిలబడ్డాయి.

మాది ఏన్కూరు దగ్గర ఒక తండా. ఇంట్లో లంబాడీ మాట్లాడతాం. ఖమ్మంలో ఒక డిగ్రీ కాలేజీలో మాస్ కమ్యూనికేషన్ సబ్జెక్టుగా బీఏ చదివాను. పత్రికలు, రేడియో, ప్రకటనలు, ఇంటర్వ్యూ చేసే పద్ధతి, ఇవీ పాఠాలు. నాకు ఇష్టంగానే ఉండేవి. కానీ కాలేజీలో నా పేరు రవి అని మాత్రమే చెప్పుకునేవాణ్ని, చివరి 'నాయక్' మింగేసేవాణ్ని. అమ్మ ఫోన్ చేస్తే హాస్టల్ మిద్దె మీదికి వెళ్లి మాట్లాడేవాణ్ని, మా భాష ఎవరి చెవినా పడకూడదని. మనుషులతో ఎలా మాట్లాడాలో నేర్పే చదువు చదువుతూ నేను చేసిన పని అది.

మూడో సంవత్సరంలో ప్రాజెక్టు వచ్చింది. అడవి అంచు ఊళ్లలోని ఒక పెద్దావిడ గొంతు రికార్డు చేసి, రేడియో కార్యక్రమం తయారు చేయాలి. ఆమె తన భాషలోనే మాట్లాడాలి. మొదట మూడు సెకన్లు ఆమె గొంతు వినిపించాలి. తర్వాత దాన్ని తగ్గించి, పైన తెలుగు అనువాదం రావాలి. రేడియోలో అదే పద్ధతి. కాలేజీలో మంచి రికార్డరు ఒక్కటే ఉంది కాబట్టి ఒక్కరికే అవకాశం. దాన్ని కాలేజీల మధ్య జరిగే పోటీకి కూడా పంపుతామన్నారు మా సార్.

సార్ కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మనిషి. మంచివాడు. "అడవి భాష ఎవరికి వచ్చు?" అని అడిగారు. ఎవరూ లేవలేదు. హాజరు పట్టీ తిరగేసి నా పేరు దగ్గర ఆగారు.

"నువ్వు తండా నుంచే కదయ్యా? నీకు వచ్చి ఉండాలే."

క్లాసంతా నా వైపు తిరిగింది. వెనక బెంచీ నుంచి ఎవరో, "ఏందిరా, నువ్వు నాయక్‌వా? మూడేండ్ల సంది మాకు చెప్పనేలే!" అన్నారు. నవ్వులు.

మా లంబాడీకీ, ములకలపల్లి అడవి ఊళ్లలో మాట్లాడే కోయ భాషకూ ఏ చుట్టరికమూ లేదు. బయటివాళ్లకు మాత్రం మా తండా అన్నా, కోయల గూడెం అన్నా ఒకటే. సార్‌కు ఆ తేడా తెలియదు. నాకు తెలుసు. "మా భాష వేరు సార్" అంటే సరిపోయేది. కానీ అప్పుడే నలుగురిలో బయటపడి చిన్నబోయి ఉన్నాను. ఏ సంగతి నన్ను చిన్నబుచ్చిందో, దానితోనే పెద్దవాణ్ని కావచ్చని తోచింది.

"వచ్చు సార్" అన్నాను.

వెళ్లింది మిర్చి ఏరే కాలంలో, ఇప్పపూలు రాలడం మొదలైన రోజుల్లో. ఖమ్మం నుంచి కొత్తగూడెం బస్సు, అక్కడి నుంచి ములకలపల్లి, తర్వాత ఆటో. ఆటో ఆగిన చోటు నుంచి గంట నడక. దారిలో నా ఎడమ చెప్పు తెగింది. ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు చేతిలో పెట్టుకుని ఊళ్లోకి పోయాను.

సార్‌కు తెలిసిన ఒక బడి పంతులు ముందే మాట్లాడి పెట్టాడు. ముసలామె పేరు ముత్తమ్మ. కొడుకు లక్ష్మయ్య ఇంట్లో ఉండి తెలుగులో సాయం చేయాలి. నేను వెళ్లేసరికి ఆయన లేడు, మిర్చి ఏరడానికి వైరా వైపు పోయాడు. ఊళ్లో సగం మంది అక్కడే ఉన్నారు. ముత్తమ్మ వాకిట్లో ఇప్పపూలు ఎండబోస్తోంది. డెబ్బై దాటి ఉంటాయి.

"కూసో బాబూ. చెప్పు తెగిందా? నీళ్లు తాగు" అంది. తెలుగు తక్కువే వచ్చు, కానీ పని జరిగేంత వచ్చు. ఈ మాట ముఖ్యం.

మీ బతుకు గురించి మీ భాషలో ఏదైనా చెప్పండి అని అడిగాను. చాలాసేపు నన్నే చూసింది. తర్వాత మొదలుపెట్టింది. ఆరు నిమిషాల పన్నెండు సెకన్లు మాట్లాడింది. ఎదుటివాళ్లు చెబుతుంటే మధ్యలో 'ఊ' కొట్టకూడదు, రికార్డులో పడుతుంది, తల మాత్రం ఊపాలి అని మాకు నేర్పారు. నేను తల ఊపాను. ఒక్క ముక్క అర్థం కాకుండా, అంతా అర్థమైన మనిషిలా ఊపుతూనే ఉన్నాను. నా కళ్లు మాత్రం రికార్డరు మీద పైకీ కిందికీ ఆడే గీతల మీదే ఉన్నాయి. చివర ఏదో అడిగినట్టు ఆమె గొంతు పైకి లేచింది. దానికీ తల ఊపాను.

అమ్మా, ఇప్పుడు చెప్పింది ఒక్కసారి తెలుగులో చెప్పు అని అడగాల్సింది. వచ్చీరాని తెలుగులో అయినా చెప్పేది. నేను అడగలేదు. ఆటో దొరకదేమోనన్నది పైకి చెప్పుకున్న కారణం. అసలు కారణం, అడిగితే నాకు భాష రాదని ఆమె ముందు ఒప్పుకున్నట్టు అవుతుంది. కాపీ తెచ్చి ఇస్తానని మాటిచ్చి లేచాను.

మర్నాడు సాయంత్రం హాస్టల్ గదిలో కూర్చుని 'అనువాదం' రాశాను.

ఏం రాస్తే బహుమతి వస్తుందో నాకు తెలుసు. ఆ ప్రాంతం గురించి జిల్లా పేజీల్లో ఏం వస్తుందో చదివేవాణ్ని. ఒక చిన్నపిల్లకు జ్వరం, దవాఖానాకు దారి లేదు, మంచానికి కర్ర కట్టి డోలీలా మోసుకుపోవడం, పొంగిన వాగు, ఒడ్డున ఎదురుచూపు, పిల్ల పోవడం. ముత్తమ్మ నోట్లో అదే పెట్టాను, ఆమె మొదటి బిడ్డ అని. కానీ చిన్న చిన్న వివరాలు లేకపోతే ఎవరూ నమ్మరని సార్ చెప్పేవారు. అందుకని మూడు వివరాలు కల్పించాను. అవి ఎక్కడి నుంచి వచ్చాయో నాకు స్పష్టంగా గుర్తుంది.

కింద వంటగది ముందు వంటామె బియ్యం చెరుగుతోంది. దాన్ని చూసి, వానకు పిల్ల ముఖం తడవకుండా తల్లి చేట అడ్డం పెట్టిందని రాశాను. నా చెప్పు తెగింది కదా, వాగులో తండ్రి చెప్పు ఒకటి కొట్టుకుపోయిందని, రెండోది చేత్తో పట్టుకుని ఇల్లు చేరాడని రాశాను. ఇంకా ఇరవై సెకన్లు నింపాల్సి వచ్చింది. అప్పుడే మా వీధిలో పెళ్లి ఊరేగింపు బ్యాండుతో వచ్చింది. దాంతో, మంచం మీద మోసుకుపోతుంటే జ్వరంలో ఉన్న పిల్ల 'ఎవరి పెండ్లికి పోతున్నం?' అని అడిగిందని రాశాను. ఆ వాక్యం రాశాక నన్ను నేనే మెచ్చుకున్నాను.

నాలుగు నిమిషాలకు సరిపోయింది. ఆమె గొంతు మూడు సెకన్లు, తర్వాత నా గొంతు. ఆడగొంతు ఉంటే బాగుండేది, ఆ రోజు ఎవరూ దొరక్క నేనే చదివాను. ఆమె మాటల్లో మిగిలిన రెండు నిమిషాలు కోసి పక్కన పెట్టాను. మొదటి బహుమతి వచ్చింది. రేడియోలో వేశారు. వాట్సాప్‌లో తిరిగింది. వినేవాళ్లకు ఆమె సొంత మాటలు మూడు సెకన్లకు మించి చేరలేదు కాబట్టి నన్ను పట్టుకోవడం ఎవరికీ సాధ్యం కాలేదు.

కాపీ ఇవ్వడానికి నేను ఆ ఊరికి మళ్లీ వెళ్లలేదు.

ఎనిమిదేళ్లు గడిచాయి. పీజీ చేశాను. కొత్తగూడెం వైపు ఒక డిగ్రీ కాలేజీలో అదే సబ్జెక్టు చెప్పే గెస్టు లెక్చరర్‌గా చేరాను. ఇంటర్వ్యూలో ఆ రికార్డింగే వినిపించాను. ఇతరుల మాటను మన మాటల్లోకి తెచ్చేటప్పుడు ఎంత జాగ్రత్తగా ఉండాలో ప్రతి ఏడాదీ ఒక పాఠం చెప్పాలి. చెప్పేవాణ్ని. గొంతు వణికేది కాదు. పశ్చాత్తాపంతో నిద్ర పట్టలేదని రాస్తే అది ఇంకో అబద్ధం. బాగానే నిద్రపోయాను. లోపల ఒక చోట మాత్రం తిమ్మిరెక్కినట్టు ఉండేది. అక్కడ ఏం తగిలినా తెలిసేది కాదు.

కిందటేడు ఆఖరు సంవత్సరంలోకి నాగమణి అనే అమ్మాయి వచ్చింది. ములకలపల్లి అవతల ఊరు. ఇంట్లో కోయ మాట్లాడతారు. నాలాగా దాచుకునే పిల్ల కాదు. తన ప్రాజెక్టుకు కోయలో ఉన్న పాత రికార్డింగులు సేకరిస్తానంది.

"మీది గూడ కావాలె సార్. పైన తెలుగు లేకుండ, ఉత్త ముసలమ్మ గొంతే."

హార్డ్ డిస్కు పాడైందన్నాను. తర్వాత వెతుకుతున్నానన్నాను. మూడోసారి, దొరకలేదన్నాను.

"మల్లొక్కసారి సూడున్రి సార్. గా ముత్తమ్మది మా అమ్మమ్మ ఊరే. పోయిన వానకాలం సచ్చిపోయింది. ఆమె గొంతు ఇంకెక్కడ లేదు" అంది.

ఆ రాత్రి హార్డ్ డిస్కు బయటికి తీశాను. అందులోని మాటలు ఆ అమ్మాయి వింటే నా అబద్ధం బయటపడుతుంది, ఉద్యోగం పోతుంది. అయినా తీశాను. ధైర్యం కాదు. వద్దనడానికి కూడా ఓపిక లేకపోయింది. రాజీనామా కాగితం రాసి జేబులో పెట్టుకున్నాను.

మర్నాడు పదకొండు గంటలకు ల్యాబులో కూర్చోబెట్టాను. నేను చదివిన కార్యక్రమం ఎప్పుడైనా విన్నావా అని అడిగాను. లేదు సార్, అప్పుడు నేను చిన్నపిల్లను అంది. ఇంకోసారి అడిగాను. లేదంది. అయితే నాది వినకుండా, నువ్వే విని, వాక్యం వాక్యం తెలుగులో రాయి అన్నాను.

చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. విని ఆపుతోంది, రాస్తోంది, మళ్లీ వెనక్కి తిప్పుతోంది. ఒకచోట కళ్లు తుడుచుకుంది. గంట దాటాక కాగితాలు నా చేతికిచ్చింది.

చదివాను. పిల్లకు జ్వరం. మంచానికి కర్ర. వాగు. ఇంతవరకు ఆశ్చర్యం లేదు, ఆ పక్క ఎన్నో ఇళ్లలో జరిగిన కథే. కింద, వాన పడుతుంటే పిల్ల ముఖానికి చేట అడ్డం పెట్టిన అని ఉంది. ఇంకా కింద, 'ఎవరి పెండ్లికి పోతున్నం అవ్వా' అని అడిగింది అని ఉంది. పిల్లను తెచ్చి పండబెట్టినంక చూస్తే మా ఇంటాయన చేతిల ఒకటే చెప్పు ఉంది అని ఉంది.

వరస ఒక్కచోట మారింది. నేను చెప్పును ముందు పెట్టాను, ఆమె చివర చెప్పింది. మిగతాదంతా నేను హాస్టల్ గదిలో కల్పించినదే.

నాకు భయం వేయలేదు. చెమటలు పట్టలేదు. కాగితం బరువు తెలుస్తోంది, ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది, అంతే. నేను కోసి పక్కన పెట్టిన రెండు నిమిషాల దగ్గరికి వచ్చాను. అక్కడ ఆమె ఇప్పపూల గురించి, కొడుకు కూలికి పోవడం గురించి చెప్పింది. చివరి వాక్యం కింద నాగమణి గీత గీసింది.

"ఆఖర్ల మిమ్మల్నే అంటుంది సార్."

"ఏమని?"

"ఈ పిలగానికి ఇదంతా ఎరుకే గదా, మల్ల నన్నెందుకు అడుగుతుండు, అంటుంది." నవ్వింది. "ముందుగాలనే మాట్లాడి పోయిన్రా సార్?"

"నాగమణీ, నాకు మీ భాష రాదు."

"ఊకోన్రి సార్."

నా పాత కాగితాలు తీసి ఇచ్చాను. చదివింది. "ఇంత మంచిగ రాసి రాదంటరేంది?" అంది. ఏదైనా ఒక మాట మీ భాషలో అను అన్నాను. ఏదో అంది. నాకు తెలియలేదు. ఇంకోటి అంది. అదీ తెలియలేదు. నేను ఆటపట్టిస్తున్నాననుకుని కాసేపు నవ్వింది. నా ముఖం చూసి మెల్లగా నవ్వు ఆపేసింది.

నేను చేయగలిగిన పరీక్షలన్నీ చేశాను. కోయలో తెలుగు మాటలు కలుస్తాయి, వాటిని నా చెవి పట్టుకుని ఉంటుందేమోనని ఆ చోట్లు ఇరవై సార్లు విన్నాను. చేట దగ్గర కానీ, చెప్పు దగ్గర కానీ నేను గుర్తుపట్టగల మాట ఒక్కటీ లేదు. ఆమె చేతులు ఊపి చూపించిందేమో అనుకుందామంటే, నేను చూసింది రికార్డరును, ఆమెను కాదు. ఎవరైనా నాకు ముందే చెప్పి, నేను మరిచిపోయి ఉంటానా? అనువాదం రాసిన రోజు హాస్టల్ గదిలో నాతో ఉన్న మిత్రుడు ఇప్పుడు సత్తుపల్లిలో బ్యాంకులో పనిచేస్తున్నాడు. ఫోన్ చేశాను.

"యాది లేకేం రా! ఆ బ్యాండు మోతకు నేను కిటికీ మూస్తాంటె, నువ్వు మూయొద్దురా, దొరికింది, దొరికింది అని ఎగిరినవ్. మొత్తం కత అల్లుతున్నవని అప్పుడే తిట్టిన గదా నిన్ను."

తిట్టాడు. అది నేను మరిచిపోయాను. మిగతాది మరిచిపోలేదు.

ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పి రాజీనామా ఇచ్చాను. ఆయన రెండు అనువాదాలూ పక్కపక్కన పెట్టి చదివారు. "రెండూ ఒకటే ఉన్నాయి కదయ్యా. ఇంక నువ్వు చేసిన తప్పేంటి?" అన్నారు. కాగితం వెనక్కి ఇచ్చి, రెండు రోజులు సెలవు పెట్టి విశ్రాంతి తీసుకోమన్నారు.

అబద్ధం చెప్పానని ఒప్పుకుంటే నమ్మేవాళ్లు లేకపోయారు. అబద్ధమే నిజమై కూర్చుంది. కానీ నేను రాసేటప్పుడు అది నిజమని నాకు తెలియదు. ఆమె బిడ్డ చావును నేను మార్కుల కోసం కల్పించాను. అది మారదు. అందుకే ఆదివారం పొద్దున నాగమణిని వెంటబెట్టుకుని ఆ ఊరికి వెళ్లాను. క్షమాపణ అడగడానికి ముత్తమ్మ లేదు. లక్ష్మయ్య ఉన్నాడు.

యాభై దాటిన మనిషి. కర్ర మంచం వాల్చి కూర్చోమన్నాడు. నేను నిలబడే చెప్పాను, అన్నీ, ఒక్కటీ దాచకుండా. నాకు మీ భాష రాదు, మీ అమ్మ చెప్పింది నాకు అర్థం కాలేదు, ఆ కథ నేను అల్లాను, బహుమతి తీసుకున్నాను, మీకు కాపీ కూడా ఇవ్వలేదు. తర్వాత నాగమణి తన ఫోన్‌లో ముత్తమ్మ గొంతు మొత్తం వినిపించింది.

ఆయన ఆరు నిమిషాలూ కదలకుండా విన్నాడు. అయిపోయాక తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"నాకు అక్క ఉండెనని నీ ముచ్చటల్నే ఇన్న సారూ" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"వైరా కాడ మిర్చి ఏరబోయినప్పుడు మేస్త్రి ఫోన్ల ఇన్న. ముత్తమ్మ అంటివి, మా ఊరి పేరంటివి. మా అవ్వనే గదా అనుకున్న. నాకంటె ముందు ఒక పిల్ల పుట్టి పోయిందని మా అయ్య చెప్పలే, అవ్వ చెప్పలే. ఇంటికొచ్చి అడిగిన. నిజమేనానే అంటె, అవ్ అన్నది. గంతే. పేరేందే అంటె చెప్పలే. సచ్చేదాంక చెప్పలే."

అప్పుడు అసలు మాటకు వచ్చాడు. వాళ్ల ఇంట్లో పెద్దలకు పెట్టే రోజున, పోయినవాళ్లను ఒక్కొక్కరిని పేరు పెట్టి పిలిచి, ఆకులో ముద్ద పెడతారట.

"పేరు పిలువంది ముద్ద పెట్టరాదు మా తాన. అయ్యను పిలుస్తున్న, ఇప్పుడు అవ్వను గూడ పిలుస్తున్న. అక్కకు పెడ్తలేను సారూ. ఎట్ల పెట్టాలె? ఎనిమిదేండ్ల సంది గిదే మనుసుల ఉన్నది." నా ముఖంలోకి చూశాడు. "నీకు ఎరుకేనని అవ్వ తన నోటితోటే అన్నది గదా. ఇప్పుడే ఇంటిమి. పేరు చెప్పు."

రికార్డింగులో పేరు లేదు. నాగమణి అక్కడే ఇంకోసారి విని చూసింది, లేదంది. నా కాగితాల్లోనూ లేదు. నాలుగు నిమిషాల్లో పేరు పెట్టే అవసరం రాలేదు నాకు. "నాకు తెలియదు లక్ష్మయ్యా" అని చెప్పడానికి నోరు తెరిచాను.

ఒక పేరు నోట్లోకి వచ్చింది.

కల్పించి రాసేటప్పుడు మాట ఎలా వస్తుందో నాకు తెలుసు. రెండు మూడు వస్తాయి, ఒకటి తీసేస్తాం, ఒకటి ఉంచుతాం. ఇది అలా రాలేదు. చాలా కాలం పిలిచి, మధ్యలో పిలవడం మానేసిన పేరులా వచ్చింది. రెండు అక్షరాలు. మా ఇళ్లలో ఉండే పేరు కాదు. ఎవరికైనా ఉందని నేను విన్న పేరూ కాదు.

నోరు మూసుకున్నాను. ఆయన ఎదురుచూస్తున్నాడు. నాగమణి కూడా నన్నే చూస్తోంది.

"తెలియదు" అన్నాను.

లక్ష్మయ్య కోపం తెచ్చుకోలేదు. "సరే తీ సారూ. ఎండల వచ్చిన్రు, చాయ్ తాగిపోన్రి" అన్నాడు. కోడలు చాయ్ తెచ్చింది. తాగాను. రుచి గుర్తులేదు.

దారిలో నాగమణి ఒక్కటే అడిగింది. "ఏదో చెప్పబోయి ఆగిన్రు సార్, ఏంది?" ఏం లేదన్నాను. ఆమె మళ్లీ అడగలేదు. తన ప్రాజెక్టులో ముత్తమ్మ గొంతు ఆరు నిమిషాల పన్నెండు సెకన్లూ పెట్టింది. పైన ఎవరి గొంతూ లేదు.

ఇది ఎలా జరిగిందో నేను చెప్పలేను. యాదృచ్ఛికమని చెప్పే మిత్రులున్నారు. చేట వరకు నేనూ ఒప్పుకుంటాను, చెప్పు కూడా ఒప్పుకుంటాను. పెండ్లి మాట దగ్గర వాళ్లూ ఆగిపోతారు. పేరు సంగతి వాళ్లకు చెప్పలేదు. ఇక్కడే మొదటిసారి రాస్తున్నాను.

పెద్దలకు పెట్టే రోజుకు ముందు లక్ష్మయ్య ఫోన్ చేశాడు. వర్షాలు, పత్తి, నా ఆరోగ్యం అడిగాడు. చివర, "ఏమన్న యాదికొచ్చెనా సారూ?" అన్నాడు. లేదన్నాను.

ఇలా చేయడం నిజాయితీయో, ఇంకో తప్పో నాకు తేలడం లేదు. ఆ పేరు నేను అల్లుకున్నదే అయితే, అది చెబితే ఆ ఇంట్లో ఎన్నడూ లేని పిల్లకు ముద్ద పెట్టిస్తాను. ఒకసారి వాళ్లింట్లో నా మాట దూర్చాను, చాలు. ఆ పేరు నిజంగా ఆ పిల్లదే అయితే, ఆమె ఆకు ఖాళీగా ఉండటానికి కారణం నేనే. రెండింటిలో ఏదో చెప్పగలిగిన మనిషి చనిపోయింది.

రోజులో ఎప్పుడో ఒకప్పుడు, బోర్డు మీద రాస్తున్నప్పుడో, బస్సులో కూర్చున్నప్పుడో, ఆ రెండు అక్షరాలు నాలుక మీదికి వస్తాయి. అప్పుడు దగ్గరలో ఎవరున్నా, ఏదో ఒకటి మాట్లాడటం మొదలుపెడతాను.